ఇంటి తెరపై పండుగ సినిమా: గోదావరి డెల్టా చిత్రాల ఎంపికపై ఒక పునర్విచారణ

వ్యాససంగ్రహం:
పండుగ సెలవులలో ఇంటిల్లిపాదీ కలిసి చూడదగిన చిత్రాలంటూ వెలువడే సూచనలను మన సినీవిమర్శ పట్టించుకోలేదు. ఒక చిత్రాన్ని చూడమని చెప్పడం కూడా విలువ నిర్ణయమే. గోదావరి డెల్టా నేపథ్యంగా వచ్చిన కొన్ని తెలుగు చిత్రాలను ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నిలబడి చూస్తే ఆ నిర్ణయం వెనుక ఉన్న ప్రమాణాలు ఏవి, అవి ఎవరిని విస్మరిస్తున్నాయి అన్నది ఈ వ్యాసంలో పరిశీలించడమైనది.

కీలకపదాలు: పండుగ సినిమా, గృహవీక్షణ, గోదావరి డెల్టా, బాపు-రమణ, సాక్షి, శతమానం భవతి.

1. ప్రవేశిక

తెలుగులో ‘సంక్రాంతి సినిమా’ అనే మాటకు చాలాకాలం ఒకటే అర్థం ఉండేది. పంట చేతికి వచ్చి, కొత్త బట్టలు కట్టుకుని, బండి మీదనో బస్సు మీదనో పట్నం పోయి హాలులో చూసే సినిమా అది. నేడు ఆ మాటకు రెండవ అర్థం ఏర్పడింది. పండుగకు వచ్చిన పిల్లలు, మనుమలు ఇంట్లో కూర్చుని చూసే సినిమా కూడా పండుగ సినిమాయే. ఈ రెండవ అర్థం దూరదర్శన్‌తో మొదలై, అద్దెకు తెచ్చుకున్న వీడియో క్యాసెట్లతో బలపడి, 1995లో వచ్చిన జెమినీ, ఈటీవీ ఛానళ్ళతో స్థిరపడి, 2020 తరువాత ఓటీటీ వేదికలతో ఇంటింటి వ్యవహారమైంది. 2021 వినాయక చవితి నాడు, సెప్టెంబరు 10న, ‘టక్ జగదీష్’ హాలు ముఖం చూడకుండా నేరుగా ఇంటి తెర మీదికి వచ్చింది. ప్రదర్శకులు దానిపై నిరసన తెలపడం, పండుగ సినిమా ఎవరి సొత్తు అన్న వివాదం ఎంతవరకు వెళ్ళిందో చెబుతుంది.

ఈ మార్పులో ఒక వింత కూడా ఉంది. ‘సంక్రాంతికి వస్తున్నాం’ 2025 జనవరి 14న హాళ్ళకు వచ్చింది. ఇళ్ళలోని తెరలకు చేరింది మార్చి 1న. అంటే పేరులోనే సంక్రాంతిని పెట్టుకున్న చిత్రం, శివరాత్రికి చలి శివశివా అంటూ పోయిన తరువాత ఇంటికి వచ్చింది. కాబట్టి పండుగ రోజున ఇంట్లో చూసే చిత్రం ఎప్పుడూ పాత చిత్రమే. హాలులో కొత్తదనం రాజ్యం చేస్తే, ఇంట్లో ఎంపిక రాజ్యం చేస్తుంది. వేల చిత్రాలలో నుండి ‘ఇది పెట్టండి’ అని ఎవరో ఒకరు చెప్పాలి. చెప్పేది ఇంటి పెద్ద కావచ్చు, ఛానల్ కార్యక్రమ నిర్వాహకుడు కావచ్చు, వేదిక లెక్కకట్టి చూపే సూచన కావచ్చు. అందరి నోటా వినిపించే ప్రమాణం మాత్రం ఒకటే: ‘కుటుంబ సమేతంగా చూడదగినది’. విశ్వవిద్యాలయాల పరిశోధనలలో నాయికా పాత్రల మీద, సంభాషణల మీద, నవలల చిత్రానుసరణల మీద విరివిగా పని జరిగింది. ఈ ప్రమాణాన్ని మాత్రం మనం ఇంకా విప్పి చూడలేదు.

గోదావరి డెల్టాను ఈ పరిశీలనకు తీసుకోవడానికి కారణం ఉంది. తెలుగు సినిమాకు ‘పల్లెటూరు’ అంటే ఎక్కువసార్లు ఈ ప్రాంతమే. రాజమహేంద్రవరంలో 1936లోనే దుర్గా సినీటోన్ పేరుతో స్టూడియో వెలసింది. ఆ తరువాత పరిశ్రమ మద్రాసులో స్థిరపడినా, హైదరాబాదుకు మారినా, కెమెరా మాత్రం గోదావరికి తిరిగి వస్తూనే ఉంది. పండుగనాడు అమెరికాలోనో బెంగుళూరులోనో పుట్టిన పిల్లవాడికి ‘మన ఊరు’ అని చూపించేది ఈ చిత్రాలలోని ఊరినే. ఆ పిల్లవాడికి దక్కే ఊరు ఏది అన్నది ఉబుసుపోక ప్రశ్న కాదు.

2. వంటింటికి వినిపించే సినిమా

ఇంటి వీక్షణను హాలు వీక్షణకు చిన్న నమూనాగా భావించడం పొరపాటు. హాలులో చీకటి ఉంటుంది, ఆ చీకటి ప్రేక్షకుడిని కట్టి కూర్చోబెడుతుంది. పండుగ ఇంట్లో చీకటి ఉండదు. ముందుగదిలో తెర వెలుగుతూ ఉంటే, లోపల బూరెలు వేగుతూ ఉంటాయి. వచ్చేవారు, పోయేవారు, ప్రకటనల విరామాలు. పండుగ పని ఎవరి మీద పడుతుందో మనకు తెలుసు. ఆ ఇంట్లోని స్త్రీలలో అధికభాగం సినిమాను చూడరు, వింటారు. చేతిలో పిండి ఉండగా, ‘ఆ సీను వచ్చిందా?’ అని అడిగి గుమ్మం దాకా వచ్చి, చూసి, తిరిగి పొయ్యి దగ్గరకు వెళతారు.

అందువల్ల ఇళ్ళలో నిలబడిన చిత్రాలన్నీ చెవికి అందే చిత్రాలే. ‘మాయాబజార్’ (1957), ‘మిస్సమ్మ’ (1955), ‘గుండమ్మ కథ’ (1962) వంటి చిత్రాలను తెర చూడకుండా అనుసరించవచ్చు. సంభాషణే దృశ్యాన్ని మోస్తుంది. ‘మూగమనసులు’ (1964) కూడా ఈ కోవలోనిదే. ఆదుర్తి సుబ్బారావు దర్శకత్వం, ఆత్రేయ, ముళ్ళపూడి వెంకటరమణల రచన, కె.వి. మహదేవన్ సంగీతం కలిసిన ఆ చిత్రంలో పడవ నడిపే గోపి, అతని మీద మనసు పడిన గౌరి మాట్లాడే గోదావరి యాస, పెద్దింటి రాధ మాట్లాడే భాష వేరువేరుగా వినిపిస్తాయి. కళ్ళు మూసుకున్నా ఎవరు ఏ మెట్టు మీద నిలబడి మాట్లాడుతున్నారో తెలుస్తుంది. యాస ఇక్కడ హాస్యానికి వాడిన అలంకారం కాదు, అంతరానికి కొలత. గోపి జీవితమంతా ఆమెను ‘అమ్మాయిగారు’ అనే పిలుస్తాడు.

ఈ చిత్రాన్ని ‘స్వచ్ఛమైన ప్రేమకథ’ అని సిఫారసు చేయడం పరిపాటి. స్వచ్ఛత అన్న మాట దేనిని కప్పుతున్నదో చూడాలి. రేవు దాటించే పడవవాడికీ జమీందారు బిడ్డకూ మధ్య ఉన్న మమకారం ఈ జన్మలో పేరు పెట్టుకోలేదు. పేరు పెట్టింది లోకం, నిందగా. వితంతువైన రాధ తిరిగి వచ్చాక ఆ నింద ముదిరి, ఇద్దరినీ సుడిగుండం దాకా తరిమింది. కథాచట్రం మాత్రం పునర్జన్మను తెచ్చి, వారిని కొత్త దంపతులుగా మరల పడవ ఎక్కించి ఊరడిస్తుంది. వచ్చే జన్మకు వాయిదా వేయడం వల్లనే ఈ కథ కుటుంబ సమేతంగా చూడదగినదైంది. ఈ జన్మలోనే పెళ్ళి జరిగి ఉంటే అదే ముందుగదిలో అంతే నిశ్చింతగా చూడగలిగేవారమా? నా అభిప్రాయంలో చిత్రం గొప్పదనం ఆ వాయిదాలో లేదు. వాయిదా పడక తప్పని స్థితిని అంత స్పష్టంగా వినిపించడంలో ఉంది. అదే దర్శకుడు దీనిని హిందీలో ‘మిలన్’ (1967)గా తీసినప్పుడు కథ నిలిచింది, ఈ యాసల మెట్లు మాత్రం గోదావరిలోనే ఉండిపోయాయి.

3. ఒకే మండలం, ఏభై ఏళ్ళు

ధవళేశ్వరం ఆనకట్టకు దిగువన, నేటి కోనసీమ జిల్లాలో, పూతరేకులకు పేరుపొందిన ఆత్రేయపురం మండలం ఉంది. ఆ మండలంలోని పులిదిండిలో బాపు తన మొదటి చిత్రం ‘సాక్షి’ (1967) తీశారు. సరిగ్గా ఏభై ఏళ్ళ తరువాత, 2017 జనవరి 14న విడుదలైన సతీష్ వేగేశ్న చిత్రం ‘శతమానం భవతి’ కథ ఆత్రేయపురంలో జరుగుతుంది. మొదటిది సెట్టింగుల కాలంలో స్టూడియో వదిలి ఊరి వీధులలో, ఆ ఊరివారి మధ్య తీసిన చిత్రం. రెండవది సంపూర్ణ వినోదాన్ని అందించిన ఉత్తమ ప్రజాదరణ చిత్రంగా జాతీయ పురస్కారం పొందినది. పండుగ సూచనలలో రెండవది తప్పక ఉంటుంది, మొదటిది దాదాపు ఉండదు. ఈ వ్యత్యాసమే ప్రస్తుత వ్యాసానికి మూలం.

‘శతమానం భవతి’లో రాఘవరాజు, జానకమ్మ వృద్ధ దంపతులు. పిల్లలు విదేశాలలో స్థిరపడ్డారు. పండుగకు రమ్మంటే రారు. విడాకులు తీసుకుంటున్నామని తండ్రి కబురు పంపితే పరుగున వస్తారు. ఇల్లు నిండుతుంది. అబద్ధం బయటపడుతుంది. పిల్లలు తప్పు తెలుసుకుంటారు. ప్రకాష్‌రాజ్, జయసుధల నటనలోని నిగ్రహం వల్ల ఈ కథ కన్నీటి నాటకం కాకుండా తప్పించుకుంది. భార్యకు తెలియకుండా భర్త విడాకుల మాట ఎత్తడం ఆమె పట్ల అన్యాయమని చిత్రానికి తెలుసు, జానకమ్మ నొచ్చుకోవడానికి చోటు ఇచ్చింది. ఇది మెచ్చుకోదగిన విషయం. వృద్ధుల ఒంటరితనం డెల్టా గ్రామాలలో కల్పన కాదు. తాళాలు వేసిన మండువా లోగిళ్ళు ఏటిగట్టు వెంట నడిచేవారికి కనిపిస్తూనే ఉంటాయి.

అయితే పిల్లలు ఊరు ఎందుకు విడిచారన్న ప్రశ్నను చిత్రం వారి మనస్తత్వానికే పరిమితం చేసింది. ఇదే కోనసీమలో 2011 ఖరీఫ్‌లో రైతులు పంట విరామం ప్రకటించారు. గిట్టుబాటు లేక, మురుగు కాలువలు పూడిపోయి, కూలీ ఖర్చు పెరిగి, నీరున్న నేలను కావాలని బీడు పెట్టారు. దేశమంతా చర్చించిన సంఘటన అది. ఆరేళ్ళ తరువాత వచ్చిన చిత్రంలో చేలు పచ్చగా ఉన్నాయి, కాలువలు నిండుగా ఉన్నాయి, పెద్దింటి ఆదాయం ఎక్కడినుండి వస్తున్నదో మాత్రం ప్రస్తావన లేదు. పిల్లల సెలవులు కథకు ఇరుసు అయ్యాయి, పొలానికి వచ్చిన సెలవు కథ వెలుపలే ఉంది. కన్నవారిని మరచిన బిడ్డలు అన్న నింద వినడానికి సులువు, దానికి పరిష్కారం ఒక కౌగిలింత. సేద్యం నిలుపుకోలేని ఊరు అన్న మాటకు అలాంటి పరిష్కారం దొరకదు. ముందుగదిలో కూర్చున్న విదేశీ మనుమడికి ఈ చిత్రం అపరాధభావం ఇస్తుంది, కారణం చెప్పదు.

ఇదే పోలికతో ‘సీతారామయ్యగారి మనవరాలు’ (1991)ను చూస్తే ఆ చిత్రం ఎందుకు మెరుగో అర్థమవుతుంది. క్రాంతికుమార్ తన చిత్రంలో దోషిని విదేశంలో వెదకలేదు. కొడుకును దూరం చేసుకున్న తాత పట్టుదల ఇంట్లోనే ఉంది. తండ్రి మరణాన్ని దాచుకుని వచ్చిన మనవరాలు, పండుగ వాతావరణంలోనే దుఃఖాన్ని మోస్తూ తిరుగుతుంది. అక్కినేని నాగేశ్వరరావు పెద్దరికాన్ని గౌరవనీయంగా చూపుతూనే, ఆ పెద్దరికం తెచ్చిన నష్టాన్ని ముఖం మీద చూపించారు. ‘శతమానం భవతి’లో పెద్దలు పిల్లలకు పాఠం చెబుతారు. ఇక్కడ పాఠం పెద్దలకు.

ఇక ‘సాక్షి’. ఊరి రేవులో బల్లకట్టు నడుపుకునే కిష్టయ్య అమాయకుడు. హత్య చూశాడు. చూసింది చూసినట్టు కోర్టులో చెప్పాడు. చెప్పమని భుజం తట్టిన ఊరే, శిక్షపడ్డ ఫకీరు తప్పించుకుని తిరిగి వస్తున్నాడని తెలియగానే తలుపులు వేసుకుంది. అతని పక్షాన నిలిచింది హంతకుడి చెల్లెలు చుక్క. అమెరికన్ చిత్రం ‘హై నూన్’ (1952) ఛాయలు ఇందులో ఉన్నాయని విమర్శకులు ఏనాడో గుర్తించారు. ఆ గుర్తింపు దగ్గరే చర్చ ఆగిపోవడం విచారకరం. ‘హై నూన్’ నాయకుడు చట్టాన్ని నిలిపే అధికారి, చేతిలో ఆయుధం ఉన్నవాడు, పదవి వల్ల ఆ స్థితిలో చిక్కుకున్నవాడు. కిష్టయ్యకు పదవి లేదు, ఆయుధం లేదు. ఉన్నది చూసిన కన్ను, చెప్పిన నోరు. ఊరు అతనికి ఇచ్చిన మాట ఒక్కటే అతని బలం, ఆ మాటే పోయింది. కథ అరువు తెచ్చుకున్నదే అయినా, పిరికితనం మాత్రం మన ఊరిదే. అరుగుల మీద కూర్చున్నవారు ఒక్కొక్కరే లోపలికి జారుకోవడం, మంచిమాటలతోనే తప్పించుకోవడం, దేవుడి మీద భారం వేయడం బాపు నిశితంగా పట్టుకున్నారు.

‘సాక్షి’ పండుగ సూచనలలో ఎందుకు లేదు? హింస ఉన్నందువల్ల అనుకోవడానికి లేదు, అంతకన్న ఎక్కువ రక్తపాతం ఉన్న చిత్రాలు పండుగ మధ్యాహ్నాలలో నిస్సంకోచంగా ప్రసారమవుతున్నాయి. నాకు రెండు కారణాలు కనిపిస్తాయి. మొదటిది, అది చెవికి అందే సినిమా కాదు. దాని బలం ఖాళీ వీధిలో, మూసిన తలుపులో, చూపు తిప్పుకున్న ముఖంలో ఉంది. వంటింట్లో నుండి వింటే అందులో సగం వినపడదు. రెండవది మరింత లోతైనది. పండుగ సినిమా ఊరిని నమ్మమంటుంది. ‘సాక్షి’ ఊరిని అనుమానిస్తుంది. అదే లంక గాలి, అవే కొబ్బరి నీడలు, అదే నది. ఒక చిత్రంలో తలుపులు బిడ్డల కోసం తెరుచుకుంటాయి, మరొక చిత్రంలో అవే తలుపులు నిజం చెప్పినవాడి ముఖం మీద మూసుకుంటాయి. రెండూ ఆ మండలానికి చెందిన సత్యాలే అయినప్పుడు, ఒకదానినే తరతరాలకు అందించడం సాహిత్య పాఠ్యక్రమంలో చేస్తే మనం ఒప్పుకోము.

4. పడవ ఎప్పుడూ ఎగువకే

గోదావరి చిత్రాలలో పడవ ఎగువకు వెళుతుంది. బాపు ‘అందాల రాముడు’ (1973)లో యాత్రికులు లాంచీలో భద్రాద్రి రాముని వద్దకు వెళతారు. శేఖర్ కమ్ముల ‘గోదావరి’ (2006)లో పెళ్ళివారు అదే దారిన వెళతారు. ‘సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు’ (2013) కూడా పతాక సన్నివేశానికి భద్రాచలమే చేరింది. డెల్టా కుటుంబానికి సీతారామకల్యాణం దగ్గర సయోధ్య కుదరడం తెలుగు సినిమాకు ఒక కథనసూత్రంగా మారింది. దిగువన కాలువల జాలం, లాకులు, గట్లు, చేపల చెరువులు ఉన్న నేల పాటల నేపథ్యంగా వస్తుందే తప్ప ప్రయాణంగా రాదు.

ధవళేశ్వరంలో నిలబడితే దీనిలోని వ్యంగ్యం తెలుస్తుంది. 1847-52 మధ్య ఆర్థర్ కాటన్ కట్టించిన ఆనకట్ట, దాని స్థానంలో తరువాత వచ్చిన బ్యారేజి, ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా నదికి అడ్డంగా ఉన్నాయి. రాజమహేంద్రవరం దగ్గర వేసవిలోనూ మనకు కనిపించే ‘నిండు గోదావరి’ ఈ కట్ట నిలిపిన నీరు. కట్టకు దిగువన అదే రోజులలో ఇసుక తిన్నెలు ఉంటాయి. అంటే సినిమాలలో ప్రకృతిగా మనం ఆరాధించే దృశ్యం, రాయి మోసిన కూలీల శ్రమఫలం. ఇక్కడ చర్చించిన ఏ చిత్రంలోనూ ఆ కట్ట కథాస్థలం కాలేదు. కాటన్‌కు ఊరూరా విగ్రహాలు పెట్టిన ప్రాంతంలో, ఆనకట్ట మీద ఒక కథ కూడా ఇంత ప్రఖ్యాతమైన తెర మీదికి ఎక్కకపోవడం ఆశ్చర్యమే.

ఎగువ ప్రయాణాలకు కాలం మరో అర్థం కూర్చింది. ‘అందాల రాముడు’ను హాస్యరసప్రధాన యాత్రగా చూసినవారికి, లాంచీలోని చిన్న సమాజం మీద రమణ వేసిన చురకలే గుర్తుంటాయి. నేడు దానిని దస్తావేజుగా కూడా చూడవలసి ఉంది. పోలవరం నిర్మాణంతో రాజమహేంద్రవరం రేవులో ఎక్కి నేరుగా భద్రాచలంలో దిగే పాత నీటిదారి తెగిపోయింది. రాష్ట్ర విభజనతో ఆ రెండు రేవులూ రెండు రాష్ట్రాలలో పడ్డాయి. దేవీపట్నం మండలపు ఊళ్ళు ముంపులోకి వెళ్ళాయి. ‘గోదావరి’ చిత్రంలోని పాపికొండల అందం ఆ ఊళ్ళ మీదుగా సాగిన అందం. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద జరిగిన పడవ ప్రమాదం తరువాత ఆ విహారదృశ్యాన్ని పూర్వపు నిశ్చింతతో చూడటం డెల్టావాసులకు సాధ్యం కాదు.

ఆ చిత్రానికి ఇందువల్ల విలువ తగ్గలేదు. శ్రీరామ్ ఆదర్శవాదం, సీత స్వతంత్ర బుద్ధి, బుడగలమ్మే కుర్రవాడు, వాడి కుక్కపిల్ల ఈనాటికీ ఆకట్టుకుంటాయి. బాపు చిత్రానికి కమ్ముల నమస్కరించిన తీరులో వినయం ఉంది, అనుకరణ లేదు. కానీ పడవలో ఎక్కినవారి చూపుకు ఒడ్డు ఎప్పుడూ దృశ్యమే. ఒడ్డున ఉన్న కొండరెడ్ల ఊరికి పడవ దృశ్యం కావచ్చునన్న స్పృహ రెండు చిత్రాలలోనూ బలంగా లేదు. నిర్వాసితుల సాహిత్యం చదివే పరిశోధకులు ఈ రెండు చిత్రాలను పక్కన పెట్టుకుని చూస్తే, తెర అంచున మెరిసి మాయమయ్యే ఆ ఊళ్ళ గురించి ఎంతో గ్రహించవచ్చు.

5. సూచనలలో లేని పండుగ

సెలవుల సినిమా అనగానే సంక్రాంతి, దసరా గుర్తుకు వస్తాయి. డెల్టాలో క్రిస్మస్ కూడా ఇంటి పండుగే. నక్షత్రపు లాంతర్లు వేలాడని పేట కోనసీమలో అరుదు. అయినా ‘అందరూ కలిసి చూడదగిన చిత్రాల’ సరసన ‘కరుణామయుడు’ (1978) కనిపించదు. విజయచందర్ ఏసుగా నటించిన ఆ చిత్రం హాళ్ళలో ఆడి ఆగలేదు. ఇతర భాషలలోకి అనువదింపబడి, ఊరూరా తెర కట్టి, రీళ్ళు తిప్పి ప్రదర్శింపబడింది. ‘లవకుశ’ (1963)ను చూసిన తరం బండ్లు కట్టుకుని సినిమా దగ్గరకు వెళ్ళింది. ‘కరుణామయుడు’ విషయంలో సినిమాయే పేటల దగ్గరకు వెళ్ళింది. పౌరాణిక చిత్రానికి మనం పెంచుకున్న భాష, ఆహార్యం, పద్యనాటకపు నిలుపుదల పాలస్తీనా కథకు ఎలా ఒదిగాయన్నది ప్రత్యేకంగా పరిశోధించదగిన అంశం. ఒక కుటుంబానికి అది భక్తి చిత్రం, మరొక కుటుంబానికి మంచి తెలుగు చిత్రం. రెండవ విధంగా దానిని చూడమని చెప్పేవారు లేరు. ‘కుటుంబ సమేతంగా’ అన్నప్పుడు మనం ఏ కుటుంబాన్ని ఊహిస్తున్నామో ఈ మౌనం చెబుతుంది.

6. ఎంపిక

ఇంతవరకు చేసిన చర్చ దృష్ట్యా, పండుగ నాలుగు రోజులకూ ఏ చిత్రం ఎప్పుడు చూడవచ్చునో చెప్పడం ఉచితం. భోగి నాడు వంట పని, పిలుపులు, పిల్లల అల్లరి ముమ్మరంగా ఉంటాయి. ఆ సందడిలో చెవితోనే అందుకోగలిగిన ‘మూగమనసులు’ పెట్టుకోవచ్చు. పెద్ద పండుగ నాడు ‘సీతారామయ్యగారి మనవరాలు’ సముచితం. ‘శతమానం భవతి’ని దాని వెనుకనే చూస్తే, పెద్దరికాన్ని రెండు కాలాలు ఎలా తీర్చాయో ఇంట్లోనే వాదించుకోవచ్చు. పిల్లలు తిరుగు ప్రయాణానికి సామాను సర్దుకునే ముక్కనుమ నాడు ‘అందాల రాముడు’, వీలైతే ఆ తరువాత ‘గోదావరి’. తాతగారు ఏ రేవు ఎక్కడ ఉండేదో తెర మీద వేలు పెట్టి చూపించగలిగితే మరీ మంచిది, ఆ రేవులలో కొన్నింటిని చూపడానికి ఇక వేరే దారి లేదు.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. ఆ రాత్రి ఎవరూ ఊరు దాటరు. వండినది చాలినంత ఉంటుంది, పొయ్యి చల్లారి ఉంటుంది, ఇంట్లోని ఆడవారు కూడా గోడకు చేరబడి కూర్చోగలిగిన రాత్రి అది. దీపాలు తగ్గించి, ఫోన్లు పక్కన పెట్టి, తలుపు గడియ వేసి, ‘సాక్షి’ చూడవలసింది అప్పుడు.